కడుగుట, కడిగివేయుట

ఆంగ్లభాషలో ‘ప్యాన్’ అను చిన్నమాట యొకటి కలదు. వంటయింటిలో అది వెడల్పైన మూతిగల లోతులేని పాత్ర. ఏటియొడ్డున అది యిసుకనుండి బంగారమును వేఱుచేయు పళ్లెము. ఆ పళ్లెముతో బంగారము కడుగుటకును అదే క్రియాపదము. పత్రికలవారి నోట మాత్రము అది వేఱొక పని. ఒక నాటకమునో, గ్రంథమునో, చలనచిత్రమునో విమర్శకుడు నిర్దాక్షిణ్యముగా ఖండించినచో అతడు దానిని ‘ప్యాన్’ చేసినాడని యందురు. విలువగలదానిని దక్కించుకొను పనికి చెల్లిన మాట, దేనిని మిగుల్పని దూషణకు పేరెట్లయ్యెను? పైకి ఈ ప్రశ్న పరదేశపు నిఘంటువునకు సంబంధించినదిగా తోచును. కాని తెలుగువారమును మన యింటిపనుల పేళ్లను కొన్నింటిని ఇట్లే మార్చుకొంటిమి. కావున ఈ మాట చరిత్రను కొంత నిదానముగా పరిశీలించుట మనకును ప్రయోజనకరమే.

ముందు పాత్రను గూర్చి చూతము. ప్రాచీనాంగ్లమున ఈ మాటకు ‘పన్నె’ అని రూపము. జర్మనులు నేటికిని ‘ప్ఫన్నె’ అందురు. లోతు తక్కువగల పళ్లెమునకు లాటినులో ‘పాటినా’ యని పేరు. ఆ పదమే రోమకుల సహవాసమువలన మిక్కిలి పూర్వమున జర్మానిక్ భాషలలో ప్రవేశించి ఈ రూపము దాల్చెనని పలువురు భాషావేత్తల యభిప్రాయము. మన ‘పెనము’ను దీని ప్రక్కన నుంచి, ధ్వనియు కలిసినది, వస్తువును కలిసినది, కావున రెండును ఒకటే యనుటకు కొందఱు ఉబలాటపడుదురు. అట్టి తొందర తగదు. చరిత్రసాక్ష్యము లేని శబ్దసామ్యము బాంధవ్యమునకు చాలదు. ఆంగ్లముననే వేఱొక ‘ప్యాన్’ కలదు. ఛాయాగ్రాహకుడు యంత్రమును ఒక ప్రక్కనుండి మఱొక ప్రక్కకు మెల్లగా త్రిప్పుటను అట్లందురు. అది ‘పనోరమా’ యను మాటకు కుఱుచరూపము. వంటపాత్రతో దానికి చుట్టఱికమే లేదు.

ఇక బంగారము కడుగుట యెట్లో చూతము. ఏటిగర్భమునుండి ఇసుకయు గులకఱాళ్లును కలిసిన మట్టిని పళ్లెమున నింపి, దానిని నీటిలో ముంచి, చేతితో గడ్డలను చిదిపి, పెద్దఱాళ్లను ఏరి పాఱవేయుదురు. పిమ్మట పళ్లెమును అటునిటు కుదుపుదురు. ఆ కుదుపునకు బరువైన రేణువులు అడుగునకు దిగును. తేలికవి పైకి వచ్చును. అప్పుడు పళ్లెమును కొంచెము వంచి గుండ్రముగా త్రిప్పినచో పైయిసుక అంచుమీదుగా నీటితో జాఱిపోవును. ఇట్లు పలుమాఱులు చేయగా చివరకు నల్లని యినుపయిసుకయు, దాని నడుమ మెఱయు పసుపురేణువులును మిగులును. దీని రహస్యమంతయు బరువులో నున్నది. నీటికంటె తెల్లయిసుక సుమారు 2.65 రెట్లు బరువు. నల్లయిసుకలోని అయస్కాంతశిల సుమారు 5.2 రెట్లు, స్వచ్ఛమైన బంగారము 19.3 రెట్లు. నీరు ఎవరి పక్షమును వహింపదు. తేలికదానిని కొనిపోవును, బరువైనదానిని విడిచిపెట్టును. పళ్లెము పట్టినవాని నేర్పంతయు తొందరపడకుండుటలో నున్నది. చేయి విసురుగా తిరిగినచో ఇసుకతోపాటు సన్నని పసిడిరేణువులును కొట్టుకొనిపోవును. ఈ యొక్క సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఈ విద్య ఆ మాటకంటె చాల పాతది. నల్లసముద్రపు తూర్పుతీరముననున్న కొల్కిస్ దేశమున కొండవాగులలో గొఱ్ఱెతోళ్లను పఱచి బంగారురజను పట్టెడివారనియు, గ్రీకుల ‘బంగారు ఉన్ని’ కథ అందుండియే పుట్టెనందురనియు ప్రాచీన భూగోళశాస్త్రజ్ఞుడగు స్ట్రాబో వ్రాసెను. 1556లో అచ్చయిన అగ్రికోలా లోహశాస్త్రగ్రంథమున ఖనిజములను కడుగు పరికరములు బొమ్మలతో వర్ణింపబడినవి. మెక్సికోవాసులు ‘బటేయా’ అను కొయ్యపళ్లెమును వాడెడివారు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బంగారపు కథ ఒక యింటి తలుపువద్ద మొదలైనది. 1799లో ఉత్తర కెరొలినాలో కాన్రాడ్ రీడ్ అను పండ్రెండేండ్ల బాలుడు వాగులో 17 పౌనుల బరువుగల పసుపురాయి నొకదానిని చూచి యింటికి తెచ్చెను. ఆ కుటుంబమువారు దానిని తలుపునకు అడ్డురాయిగా మూడేండ్లు వాడుకొనిరి. 1802లో ఒక నగలవర్తకుడు దానిని మూడున్నర డాలర్లకు కొనెను. దాని నిజమైన వెల వేలడాలర్లు. పిమ్మట 1829లో జార్జియాలో బంగారపువేట ప్రారంభమయ్యెను. అక్కడి చెఱోకీజాతివారు తమ భూములనుండి వెడలగొట్టబడి 1838లో పశ్చిమమునకు నడిపింపబడిరి. ఆ దారిలో వేలమంది మరణించిరి. ‘ప్యాన్’ అనునది బంగారము కడుగుట యను క్రియగా వ్రాతలలో కనబడుట ఆ కాలముననే, 1839 ప్రాంతమున.

ఆ మాటను దేశమంతట చాటినది కాలిఫోర్నియా. 1848 జనవరి 24వ తేదీన కొలొమా యొద్ద, జాన్ సటర్ కొఱకు కట్టుచున్న ఱంపపుమిల్లు కాలువలో జేమ్స్ మార్షల్ అను వడ్రంగి పసుపుముక్కలను కొన్నింటిని చూచెను. అవి బంగారమో కాదో తేల్చుటకు జరిగిన పరీక్షలలో నొకటి మన సోదరీమణులు తెలిసికొనదగినది. పనివారికి వంటచేయు జెన్నీ విమ్మర్ అను స్త్రీ ఆనాడు సబ్బు కాచుచుండెను. ఆమె ఆ ముక్కను క్షారజలము మఱుగుచున్న కాగులో వేసెను. పిమ్మట సబ్బు తీసి చూడగా ముక్క చెక్కుచెదరక అడుగున మెఱయుచుండెను. ఆ యుగపు తొలిపరీక్షలలో నొకటి ఇట్లు ఇంటిపాత్రలోనే జరిగెను. చరిత్రపుస్తకములలో మార్షల్ పేరు పెద్దయక్షరములతో నున్నది. కాగు పెట్టిన స్త్రీ పేరు ఏ మూలనో యున్నది.

సామ్యూల్ బ్రానన్ అను వర్తకుని తెలివి వేఱువిధమైనది. అతడు నీటిలో దిగలేదు. ఆ ప్రాంతమున దొరకు పళ్లెములను, పాఱలను కొని పెట్టుకొని, 1848 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో వీథులలో బంగారము దొరకినదని కేకవేసి చాటెను. ఇరువది సెంట్లు చేయు పళ్లెము అతని దుకాణమున పదునైదు డాలర్లకు అమ్ముడయ్యెనని చెప్పుదురు. కొలదియేండ్లలో సుమారు 3 లక్షలమంది ఆ దేశమునకు వచ్చిచేరిరి.

వచ్చినవారిలో ధనవంతులైనవారు కొందఱే. ఆ నేలకు యజమానినని చెప్పుకొనిన సటర్ పొలములను పశువులను కోల్పోయి, పరిహారము కొఱకు ప్రభుత్వమును అర్థించుచు 1880లో మరణించెను. మార్షల్ 1885లో పేదవాడై గతించెను. 1850లో అక్కడి శాసనసభ పరదేశీయులైన గనివారిపై నెలకు 20 డాలర్ల పన్ను విధించెను. మెక్సికోవారును చిలీవారును దానివలన తఱుమబడిరి. 1852లో విధించిన 3 డాలర్ల పన్ను భారము ముఖ్యముగా చీనావారిపై పడెను. అన్నిటికంటె ఘోరమైనది ఆ భూమికి అనాదిగా సొంతదారులైన ఆదిమజాతుల గతి. 1848 నాటికి సుమారు లక్షన్నరగా లెక్కింపబడిన వారి సంఖ్య 1870 నాటికి ముప్పదివేల ప్రాంతమునకు దిగిపోయెను. రోగములు, ఆకలి, తుపాకులు – మూడును కారణములే. పళ్లెపు టంచుమీదుగా కొట్టుకొనిపోయినది ఇసుక యొక్కటే కాదు.

ఈ కాలముననే మాటకు క్రొత్త యర్థ మొకటి చేరెను. ఇంత మట్టిని కడిగిన ఎంత బంగారము మిగులునని గనివారు లెక్క చూచుకొనెడివారు. ఆ మిగులుటను ‘ప్యాన్ ఔట్’ అనిరి. 1868 ప్రాంతమున ఆ పలుకుబడి ఏటియొడ్డును విడిచి లోకవ్యవహారమున ప్రవేశించెను. ఒక ప్రయత్నము ఫలించినదా, ఒక వర్తకము కలిసివచ్చినదా యని తెలిసికొనవలసినపుడు ఆంగ్లము మాటలాడువారు నేటికిని ఈ మాటను వాడుదురు. ఇది న్యాయమైన పరిణామము. శ్రమ మాఱినను శ్రమఫలము అందు నిలిచియున్నది.

మఱి కఠినవిమర్శ యను అర్థము? అది అమెరికాలో 1911 ప్రాంతమున కనబడును. దాని పుట్టుకను గూర్చి పండితులు ఏకాభిప్రాయులు కారు. ‘ప్యాన్’ అనగా పామరవ్యవహారమున తల, పుఱ్ఱె యను అర్థము కలదు గనుక తలపై మొట్టుట యను భావమున ఇది వచ్చెనని ఒక వాదము. పొయ్యిమీది పాత్రలో పెట్టి వేపినట్లు నిందించుట యని మఱొక వాదము; నిందకు గుఱియైనవానిని ‘ప్యాన్ మీద నున్నాడు’ అనుట అమెరికాలో కొన్నాళ్లు వాడుకయే. బంగారము కడుగువాని కుదుపునుండి, దులుపునుండి పుట్టెనని తలచువారును కలరు. బంగారపు పళ్లెమునుండియే నింద పుట్టెనని సాధించు సాక్ష్యము మాత్రము లేదు. అయినను ఒకే మాట రెండుపనులను మోయుచున్నది. ఒకటి పలుకగా రెండవది వినువాని మనసున మెదలక మానదు. కావున రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి తూచుట తప్పు కాదు.

తూచినచో తేడా వెంటనే తెలియును. బంగారము కడుగువాడు ముందుగానే దేనినో కోరి వంగుచున్నాడు. అతని పళ్లెమున నూటికి తొంబదితొమ్మిదిపాళ్లకు మించి పాఱవేయదగినదే. ఆ సంగతి అతడెఱుగును. అయినను అతని చూపు పోవుదానిపై లేదు, మిగులుదానిపై నున్నది. కఠినవిమర్శకుని సంతోషమో, పాఱబోయుటయందే యున్నది. ఎంత విసురుగా త్రిప్పిన అంత గొప్ప. పళ్లెము బోర్లించి, చూడుడు, ఏమియు లేదని చూపుట అతని విజయము. ఇద్దఱును ఇసుకను పోగొట్టువారే. ఒకడు దేనికొఱకు పోగొట్టుచున్నాడో యెఱుగును, రెండవవాడు ఎఱుగడు.

ఇట్టి మార్పు ఆంగ్లమునకే చెల్లినది కాదు. మన మాటలను చూతము. కళ్లమున నూర్చిన ధాన్యమును గాలికెత్తి పొల్లును పోగొట్టుటను తూర్పారబట్టుట యందుము. నేడు ఆ మాట వినబడునది పొలమునకంటె సభలలో, పత్రికలలో ఎక్కువ. ఒకరిని తీవ్రముగా నిందించుటకే దానిని వాడుచున్నాము. చేటలో బియ్యము చెఱుగుదుము. కోపము వచ్చినపుడు మనుష్యులను చెఱిగివేయుదుము. దూది ఏకుదురు, ప్రతిపక్షిని ఏకిపాఱవేయుదురు. బట్టలు ఉతికి ఆఱవేయుదురు; చర్చలో ఎదుటివానిని ఉతికి ఆఱవేసితిమని గర్వింతురు. అంట్లు కడుగుదుము, మనుష్యులను కడిగివేయుదుము. దుమ్ము దులుపుదుము, అపరాధిని దులిపివేయుదుము. ‘చాకిరేవు పెట్టినాడు’ అనగా చెడతిట్టినాడని యర్థము. తుదకు తల్లి బిడ్డకు ప్రేమతో పోయు తలంటు కూడ తిట్టునకు పేరయ్యెను.

ఈ మాటల పట్టిక నొకసారి శ్రద్ధతో చదివినచో రెండు సంగతులు స్ఫురించును. మొదటిది, ఈ పనులలో నొక్కటియు వస్తువును చెఱుచునది కాదు. తూర్పారబట్టుట గింజ కొఱకు. ఏకుట నూలు కొఱకు. ఉతుకుట బట్టను మరల కట్టుకొనుట కొఱకు. తలంటు బిడ్డ యారోగ్యము కొఱకు. బిడ్డ కన్నీరు పెట్టుకొన్నను తల్లి కంటిలో కుంకుడురసము పడకుండ చేయి అడ్డము పెట్టును. ఈ పనులు తిట్లుగా మాఱినపుడు వానిలోని విసురు మాత్రము వచ్చినది. గింజయు, నూలును, బట్టయు, బిడ్డయు వెనుకనే యుండిపోయినవి. తమిళ సోదరులకును ఇదే జరిగినది. వారి ‘తూఱ్ఱు’ అను క్రియకు ధాన్యమును గాలికెత్తుట యనియు, ఒకరిని పదిమందిలో దూషించుట యనియు రెండర్థములు కలవు. గాలిలోనికి ఎగురగొట్టుట రెండింటికిని సమానము. నేలపై గింజలు రాలుట ఒకదానికి మాత్రమే.

రెండవ సంగతి, ఈ పనులన్నియు చేతులతో చేయువారివి. కళ్లమున తూర్పారబట్టినది కూలిజనము. రేవున బట్టలుదికినది చాకలి. దూది యేకినది దూదేకులవాడు. చెఱిగినది, తోమినది, తలంటినది స్త్రీ. చదువుకొన్నవారము వారి పనిముట్ల పేళ్లను మన వాదములకు ఆయుధములుగా తెచ్చుకొంటిమి. వారిని మాత్రము గడపవెలుపల నిలిపితిమి.

బంగారము కడుగుటకును మనకు సొంతమాట కలదు. కంసాలి కొలిమి బూడిదను, దుకాణపు ముంగిలి దుమ్మును ఊడ్చి తెచ్చి, నీట కడిగి, అందు చిక్కిన రజను ఏరుకొనుటకు ‘జలగడుగుట’ యని పేరు. ఆ పనిచేయువారు సంఘమున మిక్కిలి పేదలు. కన్నడమున ‘జలగార’ యనగా మట్టిని కడిగి బంగారమేరువాడు. క్రమముగా ఆ మాట వీథులూడ్చువానికి పేరయ్యెను. 1928లో కువెంపు ఆ పేరుతోనే ఒక నాటిక వ్రాసి, అట్టి ఊడ్చువానినే నాయకునిగా నిలిపెను. మాట పల్లమునకు జాఱినను మనిషి జాఱలేదని ఆయన చూపెను.

కోలారు చరిత్రయు ఇట్టిదే. తెలుగు, కన్నడ, తమిళములు మూడును వినబడు ఆ సీమలో పల్లెవారు మన్నును కడిగి బంగారము తీయుచుండెడివారు. 1802లో సరిహద్దులు కొలుచుటకు వచ్చిన జాన్ వారెన్ అను బ్రిటిష్ సైనికోద్యోగి ఆ వార్త విని, బంగారము చూపినవారికి బహుమానమిత్తునని ప్రకటించెను. ఊరిగాం ప్రాంతపు పల్లెవారు బండ్లతో మట్టిని తెచ్చి అతని యెదుటనే కడిగి పసిడిరేణువులను చూపిరి. 1880 మొదలుకొని జాన్ టేలర్ సంస్థవారు అచట గొప్పగనులను నడపిరి. అవి మూడువేల మీటర్లకంటె లోతునకు దిగినవి. వేడిలోను దుమ్ములోను పనిచేసిన తమిళ, తెలుగు కూలీలలో ఎందఱో రాతిదుమ్ముచే ఊపిరితిత్తులు చెడి మరణించిరి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడినవి. కంపెనీల పేళ్లు చరిత్రలో నిలిచినవి. మొదటి పళ్లెము కడిగి చూపిన పల్లెవారి పేళ్లు నిలువలేదు.

విమర్శకును బంగారమునకును మన సాహిత్యములో వేఱొక సంబంధము పూర్వమునుండి కలదు. అది కడుగుట కాదు, పరీక్షించుట. కాళిదాసు రఘువంశారంభమున, మంచిచెడ్డలెఱిగిన పెద్దలు తన కావ్యమును వినదగుదురని చెప్పుచు, బంగారము మేలిమి అగ్నియందు తేలుననెను. తెలుగున ‘గీటురాయి’ యను మాటకు అదే గౌరవము. నగను రాతిపై గీచినపుడు పోవునది కంటి కానని రజను. తెలియునది నగయంతటి నాణ్యము. ఛోటానాగపూరు కొండలలో పుట్టి ఒడిశాతీరమున సముద్రమును చేరు సువర్ణరేఖానది పేరున కర్థమును బంగారుగీత యనియే. ఆ నదియిసుకను కడిగి రజను ఏరుకొను పేదలు ఝార్ఖండమున నేటికిని కలరు. నిప్పు, రాయి, నీరు – ఈ మూడును బంగారమును తెలిసికొను సాధనములు. మూడింటిలో నేదియు బంగారముపై పగబట్టినది కాదు.

అట్లయిన కఠినముగా విమర్శింపనే రాదా? అట్లనుట సంస్కరణ కోరువారికి తగదు. మెత్తనిమాటలతో పోవని మురికి సంఘమున చాల కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి లంచగొండితనమును, వేశ్యాలంపటత్వమును, వృద్ధులకు బాలికలను కట్టబెట్టు దురాచారమును ఎంత పరుషముగా ఖండించిరో తెలుగువారెల్ల రెఱుగుదురు. ఆనాడు నొచ్చుకొననివారు తక్కువ. కాని పంతులుగారి పళ్లెమున ఏమి మిగిలినదో చూడవలెను. ఆ 1874లోనే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల వెలసెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగెను. వెలివేతకు భయపడి వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేయగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వండి వడ్డించిరని ప్రసిద్ధము. ఆచారమును తూర్పారబట్టిన యింటనే అభాగినులకు అన్నము దొరకెను. పొల్లు ఎగిరిన తావుననే గింజ రాలినది.

సాహిత్యమునను అట్టి యుదాహరణము కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన ‘కవిత్వతత్త్వవిచారము’ ప్రబంధకవుల అతివర్ణనలను నిర్మొగమాటముగా నిరసించెను. పండితులలో పలువురు ఆగ్రహించిరి. వారి తీర్పులలో కొన్ని నేడు మనకు మితిమీఱినవిగా తోచవచ్చును. అయినను ఆ గ్రంథము పింగళి సూరన కళాపూర్ణోదయమునందలి కథాకల్పనాచాతుర్యమును ఎత్తి చూపినది. దానికొక క్రొత్తగౌరవమును సంపాదించినది. ఇసుకను కాదనినవాడు బంగారమును చేతబట్టి చూపెను. అందువలన ఆ విమర్శకు శతాబ్దము గడచినను విలువ తఱుగలేదు.

వీరిని వట్టి నిందకులనుండి వేఱుచేయునది స్వరపు హెచ్చుతగ్గులు కాదు. వీరికి తామేమి దక్కించుకొనదలచిరో ముందుగా తెలియును. స్త్రీకి చదువు దక్కవలెను, బాలవితంతువునకు బ్రదుకు దక్కవలెను, భాషకు మంచికావ్యము దక్కవలెను. ఆ కోరిక లేనివాని కాఠిన్యము చూచుటకు అంతే యుండును, కాని దాని పళ్లెము ఖాళీ. నేడు ఒక చిత్రము మొదటి ఆట ముగియకమునుపే దానిని ఏకిపాఱవేయువారు, ఒక పుస్తకపు అట్టమాత్రము చూచి చెఱిగివేయువారు మన నడుమ తక్కువ కాదు. అట్టివారిని ఇందులో మీకు నచ్చిన దేమని అడిగినచో, ఆ ప్రశ్నయే తమకు అవమానమైనట్లు చూతురు.

ఇది పండితులకును పత్రికలవారికిని మాత్రమే చెప్పు మాట కాదు. మన గృహములలో ప్రతిదినమును విమర్శ నడచుచునే యున్నది. పిల్లవాడు లెక్క తప్పును. కోడలు పులుసులో ఉప్పు ఎక్కువ వేయును. అందఱియెదుట కడిగివేయుట యెంతసేపటి పని? అది అలవాటైన యింట పిల్లవాడు లెక్కను కాదు, దాచుటను నేర్చును. కోడలు వంటను కాదు, మౌనమును నేర్చును. చేయి విసురుగా త్రిప్పినచో సన్ననిరజను ముందుగా కొట్టుకొనిపోవునని పైన చెప్పితిమి. మనుష్యులయందును అంతే. మొద్దుబాఱినవాడు ఎంత కేకవేసినను కదలక అడుగున నుండును. సుకుమారమైన బుద్ధి, అప్పుడప్పుడే మొలకెత్తు ఉత్సాహము, పదిమందిలో నోరు విప్పుటకు జంకు ఆడుపిల్ల తెలివి – ఇవి మొదటి విసురుకే అంచుదాటి పోవును. పోయినదానిని మరల ఏటినుండి తెచ్చుట ఎవరితరమును కాదు.

కావున విమర్శింపబోవువాడు నోరు తెఱచుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: ఇందు నేను నిలుపుకొనదలచిన దేమి? సమాధానము దొరకినచో కఠినముగా మాటలాడినను తప్పులేదు. ఆ కాఠిన్యమునకు హద్దు దానంతట అదే యేర్పడును. దొరకనిచో మఱికొంతసేపు చదువవలెను, వినవలెను, చూడవలెను. అప్పటికిని ఏమియు కనబడనిచో ఆ మాట సూటిగా చెప్పి ఊరకుండుట మర్యాద. ఏమియు పడని పళ్లెమును గనివాడు తిట్టడు. దానిని కడిగి, వేఱొకచోట వంగును.